జప్తు లారీ చక్రం కింద ఒక రాయి

గౌరవనీయులైన న్యాయాధికారి గారి సముఖమునకు, లారీకి తూర్పు వైపు రైతు వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: తమ కోర్టువారి జప్తు లారీ కుడి వెనక చక్రం కింద ఒక రాయి (మధ్యరకం) పెట్టుకొనుటకు అనుమతి కోరుట గురించి.

1. తొమ్మిదేళ్ల కిందట ఒక లారీ మా పొలం ముందు రోడ్డు మీద ఒక సైకిలును గుద్దింది. సైకిలు మనిషికి మోచెయ్యి విరిగి, అతుక్కుని, ఆయన ఇప్పుడు అదే రోడ్డున మోపెడ్ మీద తిరుగుతున్నాడు. లారీ మాత్రం కోలుకోలేదు. పోలీసువారు దాన్ని జప్తు చేసి, స్టేషనులో చోటు లేదని మా పొలం మొదట్లో నిలిపారు. "రెండు రోజులే పెద్దాయనా, మూడో రోజు తీసుకెళ్లిపోతాం" అన్నాడు కానిస్టేబుల్. అంతకుముందు నన్నెవరూ పెద్దాయన అనలేదు. అందుకని ఒప్పుకున్నాను. ఆయన బండిని రోడ్డు వైపు ముఖం, పొలం వైపు వీపు పెట్టి నిలిపాడు. స్టీరింగు ఎడమకు తిప్పింది తిప్పినట్టే వదిలేసి, చక్రాల కింద నాలుగు పచ్చి ఇటుకలు పెట్టి వెళ్లాడు. సాక్షి వచ్చిన రోజు వకీలు రాక, వకీలు వచ్చిన రోజు సాక్షి రాక కేసు వాయిదాల్లోనే ఉంది. ఆ మూడో రోజు ఇంకా రాలేదు.

2. అదే ఏడాది నాకూ మా తమ్ముడికీ మా నాన్నగారి పొలం పంపకమైంది. తూర్పు భాగం నాది, పడమటి భాగం వాడిది. మధ్యలో హద్దురాయి ఎన్నిసార్లు పాతినా వారం తిరక్కుండా అటో ఇటో జరిగేది. నేను జరపలేదు, రెండుసార్లు తప్ప. మూడోసారి వచ్చిన సర్వేయరు గొలుసు కింద పడేసి, "మీ ఇద్దరూ ముట్టుకోనిది ఈ పొలంలో ఏదైనా ఉందా?" అని అడిగాడు.

"లారీ ఉంది సార్" అన్నాడు మా తమ్ముడు. "దాన్ని ముట్టుకుంటే కేసు."

సర్వేయరుకు ఆ మాట నచ్చింది. రోడ్డు పక్క రాయి నుంచి లారీ కుడి వెనక చక్రం మీదుగా పొలం చివరిదాకా పటంలో గీత గీశాడు. మా రాజీని కోర్టువారు ఆ పటంతోనే ఖాయం చేశారు. చక్రం ఎక్కడో హద్దు అక్కడ అని అందులో స్పష్టంగా ఉంది. మేమిద్దరం సంతోషంగా సంతకాలు పెట్టాం. అలా పెట్టింది అదొక్కసారే.

3. మా పొలం రోడ్డు నుంచి కిందికి వాలు. మొదటి వానకే పచ్చి ఇటుకలు మట్టిలో మట్టయ్యాయి. అప్పటి నుంచి సదరు లారీ ఏటా వానలకు కొంచెం కొంచెం వెనక్కి, తూర్పుగా, అనగా నా వైపుగా నడుస్తోంది. ఇంజను చచ్చింది, డ్రైవరు లేడు, లైసెన్సు అడిగేవారూ లేరు. పోయిన ఏడు మూడడుగులు వచ్చింది, ఈ ఏడు నాలుగు.

4. నా భాగంలో ఒక బావి ఉంది. నేనూ నా భార్యా తవ్వుకున్నది. మట్టి తట్టలన్నీ ఆవిడే మోసింది. ఆ సంగతి వారానికోసారి చెబుతుంది. ఆ మట్టి ఇప్పటికీ బావి పక్కన దిబ్బగా ఉంది, ఎందుకూ పనికిరాదు. పంపకం నాడు చక్రానికీ బావికీ మధ్య ముప్పై అడుగులు. మొన్న కొలిస్తే నాలుగు. ఇంకొక గట్టి వాన పడితే బావి మా తమ్ముడిది. నా మూడెకరాల తోటకు వేరే నీళ్లు లేవు. చదివేవారికి నవ్వు రావచ్చు గానీ తోట ఎండితే మేము తినేది ఏమీ ఉండదని మనవి.

5. మా తమ్ముడు రోజూ పొద్దున్నే పళ్లు తోముకుంటూ వచ్చి చక్రాన్ని చూసుకుని వెళ్తాడు.

"బండి బాగానే నడుస్తోంది కదా వదినా?" అంటాడు.

"నడుస్తోంది. నీకంటే అదే నయం, ఏడాదికి నాలుగడుగులైనా వేస్తుంది" అంటుంది నా భార్య.

"రేపు బావి మా వైపు వచ్చాక నువ్వేం మొహమాటపడకు. రెండు బిందెలు తోడుకో, ఏమీ అనను."

బావి మోటారుకు వేయడానికి వాడు తాళం కూడా కొన్నాడు. తాళంచెవి వేలికి తగిలించుకుని తిప్పుతూ తిరుగుతున్నాడు.

6. పోలీసువారిని అడిగితే లారీ కోర్టు సొత్తన్నారు. రవాణా కార్యాలయంలో, బండిని అక్కడికి తోలుకొస్తే అది కదులుతుందో లేదో పరీక్ష చేసి కాగితం ఇస్తామన్నారు. కొత్త సర్వేయరు పటం చూసి, "పటంలో చక్రం ఉంది, పొలంలో చక్రం ఉంది, ఇంకేం కావాలి?" అన్నాడు. చివరికి తమ కోర్టు గుమాస్తా గారి దగ్గరికి వెళ్లి, ఒక రాయి అడ్డం పెట్టుకోనా అని అడిగాను.

"పెడితే సాక్ష్యాన్ని తారుమారు చేసినట్టే" అన్నారు.

"అదే తారుమారైపోతోందండీ."

"దానంతట అదైతే తప్పులేదు. మీరు చేస్తేనే తప్పు."

ఇంటికి వచ్చేదాకా ఆ మాటే ఆలోచించాను. నాకు అంతు చిక్కలేదు.

7. కావున, లారీని తీసుకెళ్లమని నేను అడగడం లేదు. తీసుకెళ్తే నా హద్దు ఏ ఊళ్లో తేలుతుందో అని భయం. ఒక్క రాయికి అనుమతి చాలు. రాయి నేనే తెచ్చుకుంటాను. కేసు తేలిన రోజున దాన్ని కోర్టుకు అప్పగించమన్నా అప్పగిస్తాను.

పై సంగతులన్నీ చిత్తగించి, బావి ఇంకా నా వైపు ఉండగానే ఉత్తర్వు దయచేయించవలెనని ప్రార్థన.

తమ విధేయుడు,
లారీకి తూర్పు వైపు రైతు

తాజా కలం: ఈ అర్జీ మడిచి జేబులో పెట్టుకున్నాక నిన్న మధ్యాహ్నం గంటసేపు వాన దంచింది. నేనూ నా భార్యా బావి దగ్గర ఒకే గొడుగు కింద నిలబడ్డాం. లారీ కదిలింది. రెండడుగులు మా మీదికే వచ్చింది. నా భార్య కళ్లు మూసుకుంది. వెనక చక్రం ఆవిడ మోసిన మట్టి దిబ్బకు తగిలి ఒక్క క్షణం ఆగి, జారి, కానిస్టేబుల్ తిప్పి వదిలిన వైపు మళ్లింది. ఆ ఊపున నలభై అడుగులు పడమటికి పోయి, మా తమ్ముడి పశువుల పాక నడిమి గుంజకు ఆనుకుని నిలిచింది. పటం ప్రకారం బావి, సగం పాక, నీళ్ల తొట్టి ఇప్పుడు నా వైపు ఉన్నాయి. గేదెలు వాడివే, అందులో నాకు పేచీ లేదు.

వాన తగ్గకముందే మా తమ్ముడు ఒక రాయి ఎత్తుకొచ్చాడు.

"అన్నయ్యా, ఇంకా జారకముందే ఇది పెట్టేద్దాం. ఎవరు చూస్తారు?"

"ముట్టుకుంటే కేసురా. దానంతట అదైతే తప్పులేదు" అన్నాను.

"మా వైపుకు వచ్చి పాలు పిండుకోవడానికి మొహమాటపడకు మరిదీ. రెండు చెంబులు పిండుకో, ఏమీ అనం" అంది నా భార్య.

కాబట్టి పై అర్జీ గురించి తొందరేమీ లేదు. వాయిదా వేసినా మాకు అభ్యంతరం లేదు. మా తమ్ముడు కూడా తమ దగ్గరికి ఒక అర్జీ తెస్తున్నాడు. ఎలా రాయాలని నన్నే అడిగాడు. నా కాగితాల్లోంచి రెండు ఇచ్చి, 'అయ్యా' అని మొదలుపెట్టమన్నాను.