మా అమ్మాయి లైన్లు ఎవరు కోసేరండీ?

అంబాజీపేట,
12-8-1998

'నవ్వులగంప' మాసపత్రిక ఎడిటరు సుబ్బరాజు గారికి కొబ్బరి వర్తకుడు కుమారస్వామి నమస్కరించి రాయునది.

మీ లిమరిక్కుల పోటీలో మా అమ్మాయి ప్రశాంతికి ఫస్టు ప్రైజొచ్చిందండీ! నాలాగా ఐదో క్లాసుతో ఆగకుండా డిగ్రీ చదువుతోంది. లిమరిక్కంటే ఏవిటో నాకు తెలీదు గానీ, మీ పత్రికలో పిల్ల పేరు చూసి పట్టలేని సంతోషంతో పోస్టుమేను బంగారరాజుని కావిలించుకున్నాను.

కానీ ఇదేం అన్యాయమండీ? మీరు అచ్చేసింది చూడండి:

అంబాజీపేటలో ఉన్నాడొక తాత,
కలం పట్టాడంటే కాగితాలకు వాత,
    కబురేమో పిసరు,
    క్షేమాలు కొసరు,
మిగతా నాలుగు పేజీలూ చుట్టాల మోత!

మూడో లైనూ నాలుగో లైనూ సగానికి కోసేసేరేం? ఐదు కాయల్లో రెండు పిందెలు పెట్టి అమ్మితే మా ఊళ్లో ఊరుకుంటారా? కాగితం చాలకపోతే చెప్పండి, నేను పంపిస్తాను. పిల్ల కష్టం కోసేస్తే మాత్రం ఊరుకోను.

ఇట్లు,
కుమారస్వామి

తా.క.: పూర్తి లైన్లతో మళ్లీ వేసి వీరికి పంపగలరు: రాజోలు మా అక్క వీరాయమ్మ, కొత్తపేట బావ రామ్మూర్తి గారు, ద్రాక్షారామం పిన్ని కాంతం, ఆవిడ ఆడపడుచు, ఆ ఆడపడుచు తోడికోడలు... (వెనక చూడండి)

*

కాకినాడ,
20-8-1998

ఆర్యా, నమస్తే.

మేమేమీ కోయలేదు. లిమరిక్కు ఇంగ్లీషువాళ్ల పద్యం. ఒకటి, రెండు, ఐదు లైన్లు పొడుగ్గా ఒకే ప్రాసతో ఉంటాయి. మూడు, నాలుగు పొట్టిగా వేరే ప్రాసతో ఉంటాయి. ఎవరిదో ఒక వింత అలవాటుతో మొదలై, పొట్టి లైన్లలో గబగబా పరిగెత్తి, ఆఖరి లైన్లో దబ్బున పడాలి. ఆ పడటంలోనే ఉంది నవ్వు.

భవదీయుడు,
సుబ్బరాజు

తా.క.: మీ చుట్టాల పట్టిక సీరియలనుకుని, మా ప్రెస్సులో కంపోజింగు చేసే బేబి మొదటి భాగం అచ్చుకి సిద్ధం చేసేసింది. ఆపించాను.

*

అంబాజీపేట,
27-8-1998

ఎడిటరు గారికి నమస్కారాలు.

ఆయ్, అర్థమైందండీ. మీరు కోయలేదు, అది పుట్టడమే కురచగా పుట్టింది. అయితే మాత్రం అలా వదిలేస్తామా? నేనే అతుకు పెట్టేను:

కబురేమో పిసరు, అయినా ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను,
క్షేమాలు కొసరు, కొబ్బరి ధర మాత్రం ఈ వారం కాస్త నయం.

కొట్టు దగ్గర చదివితే ఒక్కడూ నవ్వలేదు. మీరేసింది చదివితే మాత్రం అందరూ నన్నే చూసి పడీపడీ నవ్వేరు. ఎందుకో అడిగితే చెప్పరు!

ఇంకా ఘోరం వినండి. నా అతుకులు చూసి ప్రశాంతి కలం పెట్టెలో పెట్టేసింది. "ఇంక రాయను నాన్నా" అంది. మూడు రోజులైంది, నాతో మాటల్లేవు. బంగారంలాంటి పిల్ల రాయడం మానేస్తే ఆ పాపం మీదేనండీ!

ఇట్లు,
కుమారస్వామి

తా.క.: ఆ తాతెవరో కనిపెట్టేను. మా ఎదురు కొట్టు చిన్నబ్బాయి. పేరుకే చిన్న, మనవలున్నారు. వాడి ఉత్తరాలు అలాగే ఉంటాయి. మా పిల్ల చేత పద్యం రాయించుకునేంత వెధవ ఉత్తరాలు రాస్తాడా అని వాడితో మాట మానేసేను.

తా.క. 2: పట్టికలో మర్చిపోయినవారు పదకొండు మంది. జత చేసేను.

*

కాకినాడ,
4-9-1998

ఆర్యా,

చిన్నబ్బాయి గారితో వెంటనే మాట్లాడండి. పోటీ కవరులో మీ అమ్మాయి పెట్టిన చీటీ పంపుతున్నాను, చదవండి:

"ఎడిటరు గారూ, ఆ తాత మా నాన్నగారేనండీ. ఇంటరుకి హాస్టల్లో ఉన్న రెండేళ్లూ వారానికో ఉత్తరం రాసేరు. ఒక్కొక్క చుట్టం పేరూ చదువుతుంటే ఇంట్లో ఉన్నట్టే ఉండేది. ఆయనకి మాత్రం చెప్పకండి, నొచ్చుకుంటారు."

సుబ్బరాజు

*

అంబాజీపేట,
10-9-1998

ఎడిటరు గారికి,

ప్రశాంతి కలం తీసిందండీ! చీటీ చూపించేను. ఇద్దరం కాసేపు ఏడ్చి, తరవాత నవ్వేం. నా అతుకులు నేనే కొట్టేసేను. చిన్నబ్బాయికి క్షమాపణ చెప్పేను. వాడింకా నవ్వుతూనే ఉన్నాడు.

కానీ నా కోపం తగ్గలేదు. తాతా? నాకు మనవలేరండీ? నిలదీస్తే "నాన్నకి ప్రాస దొరకలేదు నాన్నా" అంది. సరే, దొరికేదాకా రాయమన్నాను. రోజుకొకటి రాస్తోంది.

ఇక నాలుగు పేజీల చుట్టాలంటారా? ఈ ఉత్తరంలో ఒక్క చుట్టం పేరూ రాయను. ఒట్టు!

ఇట్లు,
ఆ తాత

తా.క.: ఉత్తరం పైన అయిపోయింది కాబట్టి ఒట్టు తప్పినట్టు కాదు. ఆ తాత నేనేనని తెలియపరచవలసినవారు: రాజోలు అక్క వీరాయమ్మ, కొత్తపేట బావ రామ్మూర్తి గారు, ద్రాక్షారామం పిన్ని కాంతం, ఆవిడ ఆడపడుచు, ఆ ఆడపడుచు తోడికోడలు, మొదటి ఉత్తరం వెనక పేజీలో ఉన్నవారు, జత చేసిన పదకొండు మంది, మీ కంపోజింగు బేబి. ఇన్ని పేర్లు కంఠతా వచ్చేసేక ఆవిడ మా చుట్టం కాక మరేవిటండీ?