మునిగే మేత

శ్రీవారికి నమస్కారాలు.

దేవుడి దయవల్ల ఇంటిల్లిపాదీ కులాసాగా ఉన్నాం. మీ నడుంనొప్పి తగ్గిందని, ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు తప్పిందని చదివాక నా మనసు తేలికపడింది.

రెండు చెరువుల్లోనూ దిగుమతి మేతే వేస్తున్నావు కదా అని అడిగారు. లేదండీ. పై చెరువులో క్యాట్‌ఫిష్‌కి అది వేసి, కింది చెరువులో మన ఊరి మిల్లువాళ్ల మేత వేసి చూస్తున్నాను. చేపపిల్లల్ని రెండింట్లోనూ ఒకేసారి వదిలాం కాబట్టి తేడా తెలుస్తుందనుకున్నాను.

మొదట్లో మిల్లు మేతతో తలనొప్పే. దిగుమతి మేత నీళ్లమీద తేలుతుంది, చేపలు ఎగబడడం కళ్లారా చూస్తాం. మిల్లు మేత మునిగిపోతుంది. ఒక్క చేపా పైకి రాకపోయేసరికి మీ తమ్ముడు గట్టున నిలబడి, "వీటికి నోరు చచ్చింది వదినా, ఇంకో బుట్ట వేసి చూస్తా" అంటూ వేస్తూనే పోయాడు. అదంతా అడుగున కుళ్లి నీళ్లు కంపుకొట్టాయి. కొన్ని చేపలు చచ్చి తేలాయి.

నీళ్లు మార్పించి, వెడల్పాటి పళ్లేనికి తాళ్లు కట్టి, మేత అందులో పోసి దింపడం మొదలుపెట్టాను. కాసేపాగి పైకి లాగితే ఎంత తిన్నాయో తెలిసిపోతుంది. మీ తమ్ముడు ఖాళీ పళ్లెం చూసి, "కడిగిపెట్టినట్టు తిన్నాయే! మన పిల్లలూ ఇలా తింటే ఎంత బాగుండు" అన్నాడు.

ఇక మీకు కంగారెందుకని ఇన్నాళ్లూ రాయని సంగతి. పోయిన నెల ఓడ ఆలస్యమై దిగుమతి మేత అందలేదు. మిల్లు మేత దించితే, తేలే మేతకు అలవాటుపడ్డ పై చెరువు చేపలు దాని వంక చూడలేదు. అలవాటయ్యేలోపే ఆకలికి పెద్దవి చిన్నవాటిని తినేశాయి. తోకలు తెగినవాటిని ఏరుతుంటే ఏడుపాగలేదు. మొన్న తూచితే పై చెరువు చేపలే కాస్త బరువున్నాయి. ఆ బరువులో మేత ఎంతో, తోటి చేపలు ఎంతో ఆ దేవుడికే తెలియాలి.

నిన్న మీ స్నేహితుడు, ఆ దిగుమతి మేత డీలరు, లారీతో దిగాడు.

"ఏడాదంతా మా సరుకేనని అన్నయ్య మాటిచ్చాడు వదినా. దింపించమంటావా?"

"మాట ఇచ్చింది ఆయన. మేత వేసేది నేను."

"నీకు నోట్లో నాలుక లేదనుకున్నానే!" అని నవ్వాడు. నేను నవ్వలేదు. లారీని వెనక్కి పంపించేశాను.

మీ మాట పోయిందని మీకు కష్టంగానే ఉంటుంది. కోపమొస్తే తిట్టండి, పడతాను. కానీ ఇకమీదట రెండు చెరువుల్లోనూ మిల్లు మేతే. బరువు కాస్త తగ్గితే ఓర్చుకుంటాను. ఓడ వచ్చేదాకా ఆగమని మాత్రం చేపలకు చెప్పలేను.

ఇట్లు,
మీ ఇల్లాలు