కళ్ళు దిద్దే కుంచె

13 జూన్ 2004, ఆదివారం

తాత రామలింగయ్య చేతులు చివరి పదేళ్ళు ఆయన మాట వినలేదు. వాటంతటవే ఎగిరేవి. ధూల్‌పేటంతా గుడుంబా మహిమ అనుకుంది. పాపం, ఆయన చుక్క ముట్టలేదు. పెద్దాసుపత్రి కాగితం మీద హంటింగ్టన్స్ అని రాశారు. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు సగం ఛాన్స్. నయం చేసే మందు లేదు.

తాత కూతురు మా అమ్మ కాశమ్మ. ఆమె కొడుకుని నేను. పిల్లల్ని కనేముందు టెస్ట్ చేయించుకోమంటోంది సోనీ. పెళ్ళయి ఏడాది కాలేదు, అప్పుడే ఇదేం లొల్లి అని విసుక్కున్నాను. నిజానికి నాకు భయం.

20 జూన్

అమ్మకు చెప్పాను. నువ్వు చేపిచ్చుకో బిడ్డా, నాకు మాత్రం చెప్పకు, తెలిస్తే కుంచె పట్టంగనే చెయ్యి బెదురుతది అంది.

మాది చవితి విగ్రహాలు చేసే ఇల్లు, వినాయకుడికి కళ్ళు చివర్న దిద్దుతాం. ఆ కుంచె ఇంట్లో పుట్టినవాళ్ళే పట్టాలి. తాత తర్వాత అమ్మ, అమ్మ తర్వాత నేను. ఏటా నేను పనిచేసే కంచన్‌బాగ్ డిఫెన్స్ ఫ్యాక్టరీకి లీవు పెట్టి మరీ కూర్చుంటాను. సోనీ రంగులు కలుపుతుంది, అంతే.

5 జులై

రక్తం ఇచ్చాను. కౌన్సెలర్ బిందుమాధవి మేడమ్ రిపోర్ట్ నాదేనంది, నేను ఒప్పుకోందే కంపెనీకీ ఇన్సూరెన్స్‌కీ ఇవ్వరట. కానీ నాకు ఉందని తేలితే అది అమ్మ నుంచి వచ్చినట్టే, అంటే ఆమెకూ ఉన్నట్టే అంది.

మరి అమ్మ సంతకం అక్కర్లేదా అన్నాను. దానికి చట్టం ఏమీ లేదట. ఒళ్ళు మండింది. ఫ్యాక్టరీ గేటు దాటాలంటే మూడు సంతకాలు కావాలి. దీనికి నాదొక్కటే చాలట.

12 ఆగస్ట్

పాజిటివ్.

13 ఆగస్ట్

శుభవార్తయితే గల్లీ మొగలోంచే అరిచే రకం నేను. నిన్న అమ్మ ముందునుంచే చెప్పులు విప్పి మెల్లగా లోపలికెళ్ళాను. సోనీ ఏడ్చింది. నేను ఇవాళ ఫ్యాక్టరీ బాత్రూంలో ఏడ్చాను. రిపోర్ట్ అక్కడే లాకర్‌లో పెట్టాను.

నాకేమీ లేదని అమ్మకు అబద్ధం చెప్పెయ్యమంటుంది సోనీ. నోరు రాలేదు. అమ్మ కూడా ఏమీ అడగలేదు. తలకాయ కూర వండింది. మస్తుగుంది అమ్మా అని నవ్వుతూ తిన్నాను. బాగానే నటించానేమో.

11 సెప్టెంబర్

చవితికి వారమే ఉంది. లీవు దొరికింది. రేపటి నుంచి కళ్ళు.

12 సెప్టెంబర్

ఎప్పటిలాగే కుంచె కోసం చెయ్యి చాపాను. అమ్మ దాన్ని సోనీ చేతిలో పెట్టింది. నేనెట్ల పడ్తా అత్తమ్మా, నేను ఈ ఇంట్ల పుట్టలేదు గదా అని సోనీ వెనక్కి జరిగింది.

గందుకే బిడ్డా అంది అమ్మ.