చెల్లెల్ని పంపుతానన్నాను

అమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈ రోజే మా బెజవాడ ఆసుపత్రికి మద్రాసు నుంచి ఒక డాక్టరమ్మగారు వచ్చారు. నర్సు చదువు, డాక్టరు చదువు చదివేవాళ్లు తమ పని గురించి ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలని మమ్మల్నందరినీ ఒక గదిలో కూర్చోబెట్టారు.

"మీ సొంత చెల్లెల్ని నర్సు చదువుకి పంపుతారా?" అని అడిగారు.

తర్ఫీదుకి వచ్చిన డాక్టరు చదువు అబ్బాయిలు నవ్వుకున్నారు. మా నర్సు చదువు అమ్మాయిలు తలలు దించుకున్నారు. నేనూ దించుకున్నాను. నేనిందులో చేరినప్పుడు నువ్వెంత ఏడ్చావో, మా అమ్మాయి ఉయ్యూరులో వాళ్ల పిన్ని దగ్గర కుట్టుపని నేర్చుకుంటోందని మన నేతగాళ్ల వీధిలో అందరికీ ఎలా చెప్పుకొచ్చావో నాకు తెలుసు కదా.

కానీ చివరి రోజుల్లో నువ్వు మా వార్డులోనే ఉన్నావు. నీకు ఒళ్లు తుడిచి, పక్కబట్టలు మార్చింది నేనే. పక్క మంచం ఆవిడ "ఈ పిల్లెవరండీ?" అంటే, "మా పెద్దమ్మాయండీ, నర్సు" అన్నావు. ఆ మాట నీ నోట వినడం అదే మొదలు.

లేచి నిలబడి "పంపుతానండీ" అన్నాను. ఎందుకని అడిగితే ఇదంతా చెప్పాను. అబ్బాయిలు నవ్వడం మానేశారు. నా వెనక కూర్చున్న మరియమ్మ మెల్లగా, "నేనూ పంపుతానండీ" అంది.

చెల్లి సోమవారం ఇక్కడ నర్సు చదువుకి చేరుతోందమ్మా. నాన్నే తీసుకొస్తానన్నాడు. మొదటి రోజు కట్టుకోవడానికి నువ్వు నేసిన నీలం చీర పెట్టెలో సర్దుకుందట.

సరస్వతి