చెంపల మీది వెండి

నవంబర్ 3, జనగామ

మహబూబాబాద్ పత్తి మిల్లు గేటు దగ్గర ముఖం చూసి హాజరు వేసే ఫోన్ ఇవాళ కూడా, కూలికొచ్చిన సక్రి అక్కను గుర్తుపట్టలేదట. కురవి పక్క తండా నుంచి నడిచి రావడం, పని లేక తిరిగి నడవడం. వారంలో ఇది మూడోసారి. ఆ ఫోన్‌కు లంబాడీ ఆడవాళ్ల ముఖాలే తెలియవు. ఎవరి ముఖాలు చూపించి దానికి చదువు చెప్పారో మరి! నా పరిశోధన రిపోర్టంతా దీని మీదే. అక్క బొమ్మ కూడా వేస్తున్నాను — చెంపల పక్కన వేలాడే వెండి టోప్లీలు వేయడం ఒక్కటే మిగిలింది.

నవంబర్ 6, తండా

రుజువు దొరికింది! ఆ హాజరు యాప్‌నే నా ఫోన్‌లో వేసుకుని టోప్లీలతో ఫోటో తీస్తే అక్కను గుర్తుపట్టలేదు. "అక్కా, ఒక్క నిమిషం గవి తీస్తవా?" అన్నాను. అక్క వాకిట్లో ఉన్న భర్త రూప్లా అన్న వైపు చూసింది. బొగ్గు లారీల పనికి భూపాలపల్లి బయల్దేరుతున్నాడు ఆయన. తల పక్కకు తిప్పుకున్నాడు. అక్క తీసింది... ఫోన్ టక్కున పేరు చెప్పింది. నేను చప్పట్లు కొట్టాను.

నవంబర్ 7

పదకొండు పేజీలు అయ్యాయి. ఆ రెండు ఫోటోలు మొదటి పేజీలోనే. ఇక ఎవరు కాదంటారో చూస్తాను.

నవంబర్ 10, భూపాలపల్లి

రూప్లా అన్న పోయాడు. లారీ దగ్గర ఛాతీ పట్టుకుని కూర్చున్నాడట, అంతే... దవాఖానకు పరుగెత్తాను. తండా ఆడవాళ్లు నన్ను అక్క దగ్గరికి పోనివ్వలేదు. ఎందుకో తెలియలేదు.

నవంబర్ 11, జనగామ

మా దుకాణంలో నాయినకు అంతా చెప్పాను. వెండి తూచే తక్కెడ పక్కన పెట్టేశాడు.

"గవి తియ్యమన్నవా బిడ్డా? మొగడు పోతెనే తీస్తరు గవి."

చిన్నప్పుడు ఆ టోప్లీలు వేలాడే అద్దాల బీరువా పక్కనే కూర్చుని హోంవర్కు చేసుకునేదాన్ని. ఒక్కసారైనా అడగలేదు. మనుషులను చూడటం రాని యంత్రం మీద పదకొండు పేజీలు రాశానట, పెద్ద పరిశోధకురాలిని! సిగ్గుగా ఉంది. ఏడుపు ఆగడం లేదు.

నవంబర్ 12

టోప్లీ తీస్తే మనిషి పోడు. నాకు తెలుసు. అక్కకు ఎవరు చెప్పాలి?

నవంబర్ 13

అన్నం సహించడం లేదు.

నవంబర్ 24, మహబూబాబాద్

మిల్లు గేటు. వరుసలో సక్రి అక్క, చెంపలు బోసిగా. తప్పయిందని చెప్పాలని వెళ్లాను, వరుస పక్కనే నిలబడిపోయాను. ఫోన్ మొదటిసారికే ఆమె పేరు చెప్పింది. అక్క నా వైపు తిరిగింది. కోపం కూడా లేదు ఆ ముఖంలో.

"గిప్పుడు గుర్తువట్టింది. నీ పనైందా చెల్లె?"

నవంబర్ 25

రిపోర్టు ఇవ్వడానికి ఇవాళే ఆఖరు. ఆ ఫోటోలు తీసేస్తే రుజువే లేదు. మిగతా ఆడవాళ్లు రోజూ గేటు నుంచి వెనక్కి నడవాల్సిందే. ఉంచాలంటే అక్కను అడగాలి. పొద్దున తండా దాకా వెళ్లాను, బస్సు దిగలేకపోయాను. బొమ్మలో చెంపల పక్కన ఇంకా ఖాళీ. వెండి వేయనా, అలాగే వదిలేయనా —