తవుడులో నల్లపురుగులు

తమ్మీ,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. పొద్దున్నే నీ ఫోటో తుడిచి, నీ పురుగుల డబ్బా ముందు కూర్చున్నాను. కోళ్ల కోసం నువ్వు తవుడులో పెంచిన ఆ పసుపు పురుగులు ఎందుకు తగ్గిపోతున్నాయో నాకు అంతుపట్టడం లేదు.

నీకంటే శుభ్రంగానే చూసుకున్నాను. మిర్యాలగూడ మిల్లు నుంచి కొత్త తవుడే తెచ్చాను. తడి తగలనివ్వలేదు. వాటికి తినడానికి వేసే క్యారెట్ ముక్క మెత్తబడకముందే తీసేశాను. తవుడులో నల్లపురుగులు కనబడితే, బియ్యానికి చేసినట్టే వాకిట్లో ఎండకు పరిచాను. అవి పాకి వెళ్లిపోయేవి. నువ్వూ వాటిని ఏరి రెండో డబ్బాలో వేసేవాడివి కదా, పారేయడానికే అనుకున్నాను.

మధ్యాహ్నం, నీ దగ్గర పురుగులు కొనే, కోదాడలో పిట్టలమ్మే ఆయన వచ్చాడు. డబ్బాలో చెయ్యి పెట్టి కలిపి చూశాడు.

"నల్లవి ఏవమ్మా?"

"పురుగు వట్టిందని ఎండల వోసిన, అన్నా."

ఆయన చేతికంటిన తవుడు దులుపుకున్నాడు. "ఈ పురుగులే పెద్దయి నల్లగా అవుతాయమ్మా. గుడ్లు పెట్టేది అవే."

నువ్వు పోయిన మూడో రోజు ఇల్లు కడుగుతూ, మొదట బయట గుమ్మరించింది ఆ రెండో డబ్బానే. "అక్కా, గా డబ్బ ముట్టకు" అనేవాడివి. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

ఆయన వెళ్లాక తవుడంతా వెతికితే ఒక్క నల్లది దొరికింది. ఒక్కటి చాలునా, రెండుండాలా? అది అడగడం మరిచాను. బోర్లించి ఉన్న నీ రెండో డబ్బాను తిప్పి, గుప్పెడు తవుడు పోసి, దాన్ని అందులో వదిలాను.