నేను వెళ్లని ఒడ్డు

2025 మార్చి 3, సోమవారం. ఉదయం 9 గంటలు

నాకు డైరీ అలవాటు లేదు. ఇంటి ఖర్చులు మాత్రం రోజూ రాస్తాను. ఈ రోజు నుంచి నేనెక్కడ ఉన్నానో కూడా రాసుకోవాలి. కారణం, చేపలమ్మే మస్తానమ్మ.

నిన్న నాకు జ్వరం. ఆదివారం ఆరాధనకు కూడా పోకుండా రోజంతా మంచం మీదే ఉన్నాను. మస్తానమ్మ ఇందాక వాకిట్లో గంప దించుతూ, నిన్న సాయంత్రం అలల్లో మోకాళ్ల దాకా దిగి పాటలు పాడినావే, అంత మంచి గొంతు పెట్టుకొని ఇన్నాళ్లూ మమ్మల్ని బెత్తం చూపుల్తో చంపినావేంది టీచరమ్మా అని నవ్వింది.

హెడ్మిస్ట్రెస్‌నయిన రోజే నేను పాడటం మానేశాను. సముద్రంలో ఏనాడూ దిగలేదు. ఎవర్నో చూసి నేననుకున్నావన్నాను. నీ పసుపచ్చ అంచు చీర నాకు తెలీదా అంది.

మార్చి 4

బీరువా తీశాను. ఆ చీర మడతలోనే ఉంది. అంచు నిండా ఇసుక.

మార్చి 9, ఆదివారం

మా పెద్దవాడు జడ్సన్ కూతురు అబిగయీలు నా దగ్గరే ఉండి నెల్లూరులో డిగ్రీ చదువుతోంది. బాప్తిస్మం తీసుకోమని రెండేళ్లుగా చెబుతున్నాను. నువ్వు చెబితే దేవుడు కూడా హోంవర్క్ లాగా ఉంటాడు నాయనమ్మా అని పోయిన నెల ముఖం మీదే అనేసింది. అప్పట్నుంచి మా మధ్య అవసరానికి మించి మాటల్లేవు.

ఈ రోజు ఆరాధన అయ్యాక తనే పాస్టర్ క్రీస్తుదాసు గారి దగ్గరికి వెళ్లింది. ఈస్టర్ ముందు శనివారం సముద్రంలో తనకు బాప్తిస్మం ఇవ్వమని అడిగింది.

తిరిగి వస్తుంటే ఆటోలో నా భుజం మీద తల పెట్టింది. నిన్న ఒడ్డున నువ్వు చెప్పింది విన్నాకే ధైర్యం వచ్చింది, నీక్కూడా ప్రార్థన రాని రోజులున్నాయని నాకేం తెలుసు అంది.

నిన్న సాయంత్రం నేను కోవూరులో పెన్షనర్ల మీటింగులో ఉన్నాను. రిజిస్టర్‌లో సంతకం ఉంది.

ఆ మాట చెప్పలేదు. చిన్నప్పటి తర్వాత అది నా భుజం మీద తల పెట్టడం ఇదే.

ఏప్రిల్ 2

నెల్లూరులో డాక్టర్ని కలిశాను. వందలోంచి ఏడేడు తీసేస్తూ పొమ్మన్నారు. రెండు దగ్గర ఆగాను. నా మెదడుకు ఏ లోపమూ లేదట.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

బాప్తిస్మానికి ముందు సంఘం ఎదుట సాక్ష్యం చెప్పాలి. అబిగయీలు లేచింది. మా నాయనమ్మ లెక్కల టీచరు, సంఘం ట్రెజరరు, ఆమెను చూస్తే అందరికీ భయం, అంది. అందరూ నవ్వారు. కానీ ఆ టీచరు, ఆ ట్రెజరరు వెనకాల ఇంకో మనిషి ఉంది, ఈ మధ్యే కలిశాను, ఆమె నమ్మిన దేవుడే నాకు కావాలి, అంది.

సంఘమంతా మా బెంచీ వైపు తిరిగింది. ఒక్కరు కూడా నన్ను చూడలేదు. అందరూ నా పక్కన ఉన్న ఖాళీ చోటును చూసి చిరునవ్వు నవ్వారు.

బయటికొచ్చాక అబిగయీలు, నాతోపాటు నీళ్లలోకి దిగుతానని మాటిచ్చావు, ఇప్పుడు హెడ్మిస్ట్రెస్ వేషాలు వెయ్యొద్దు అని నవ్వింది. పాస్టర్ గారు ఒప్పుకున్నారట.

ఆమె నేను కాదని చెబితే ఈ పిల్ల విశ్వాసం దేని మీద నిలబడుతుంది? చెప్పకపోతే, దానికి నేనెవర్ని?

ఏప్రిల్ 18, శుభ శుక్రవారం. సాయంత్రం

గుడి నుంచి వచ్చేసరికి నా తెల్లచీర ఉతికి దండెం మీద ఆరేసి ఉంది. అబిగయీలు నాతోనే గుడిలో ఉంది. ఇంటికి తాళం వేసే వెళ్లాం.

రేపు జరగవలసినవి:

1. ఐదున్నరకు ఆటో రావాలి.

2. తువ్వాళ్లు మూడు పెట్టాలి.

3. అబిగయీలును ఏమీ అడగకూడదు.

4. నీళ్లలో దాని ఎడమ చెయ్యి నేను పట్టుకోవాలి. కుడి చెయ్యి ఆమెకు వదలాలి.

5. మునిగి లేచాక అది ఎవరి చెయ్యి వదలకుండా పట్టుకుంటుందో, ఆ మనిషే దానితో ఇంటికి రావాలి.